షామీర్‌పేట మత్తడి

షామీర్‌పేట చెరువుకు ప్రభుదాసు ఎన్నిసార్లు పోయాడో లెక్కలేదు. అయినా ఆ చెరువు నీళ్లు ఎట్లా ఉంటాయో అతనికి తెలియదు.

సికింద్రాబాద్‌లో ఒక వకీలు గారింట్లో అతను మోటారు డ్రైవరు. సెలవు వచ్చిందంటే చాలు, వకీలు గారి కుటుంబం, చుట్టాలు, టిఫిన్ క్యారియర్లు, జంపఖానాలు అన్నీ కారులో ఎక్కించుకుని కరీంనగర్ రోడ్డు మీదుగా షామీర్‌పేటకు తీసుకుపోయేవాడు. కట్ట కింద చెట్ల నీడన కారు ఆపేవాడు. వాళ్లు కట్టెక్కి అవతలికి దిగిపోయేవాళ్లు. అతను మాత్రం కారు దగ్గరే ఉండేవాడు. దుమ్ము తుడవడం, టైర్లు చూసుకోవడం, బర్రెలు వచ్చి ఒరుసుకోకుండా అదిలించడం, ఇదే పని. పొద్దు వాలినాక వాళ్లు తడిసిన కాళ్లతో నవ్వుకుంటూ దిగివచ్చేవాళ్లు. తీసుకొచ్చి ఇంటి దగ్గర దింపేవాడు.

రెజిమెంటల్ బజారులోని ఇంటికి చేరగానే భార్య ఎలీషమ్మ ప్రశ్నలు మొదలుపెట్టేది. ఆమె మిషన్ ఆసుపత్రిలో దుప్పట్లు, పట్టీలు కుట్టేది. ఏది కంటబడినా దాని వెనక ఏముందో తెలిసే దాకా ఊరుకోని మనిషి.

"చెరువు ఎంతుంది?"

"మస్తు పెద్దగుంటదంట."

"ఉంటదంట ఏంది? నువ్వు పోలేదా?"

"పోయిన. కారు కాడున్న."

ఎలీషమ్మ తల కొట్టుకునేది. ఒకసారి మాత్రం అతనే ఒక సంగతి చెప్పాడు. కట్ట అవతల ఎక్కడినుంచో ఒక హోరు వినిపిస్తుందట. ఒక్క క్షణం కూడా ఆగదట. వడ్ల మిల్లు ఏదో ఉండి ఉంటుందని అతని అనుమానం.

"ఎండకాలం పోయినప్పుడు గూడ ఇనబడ్తదా?" అని అడిగింది ఎలీషమ్మ.

ప్రభుదాసు ఆలోచించాడు. "లేదు. వానలు పడ్డంకనే."

"వానలల్ల నడిచి ఎండలల్ల ఆగే మిల్లు యాడనన్న ఉంటదా?"

ప్రభుదాసు చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. ఆమెకు మాత్రం ఆ హోరు సంగతి మనసులో నాటుకుపోయింది.

ఇంతలో యుద్ధం ముదిరింది. పెట్రోలుకు కూపన్లు పెట్టారు. అవి ఏ మూలకూ చాలక, వకీలు గారు కారును షెడ్డులో పెట్టించి, చక్రాలు నేలకు ఆనకుండా ఇటుకల మీద ఎత్తించారు. తాను జట్కాలో కోర్టుకు పోసాగారు. ప్రభుదాసు రోజూ పోయి ఆ కారును తుడిచి వచ్చేవాడు. కదలని బండిని తుడవడం అతనికి జబ్బు మనిషికి మొహం కడిగినట్టు ఉండేది.

దసరా సెలవులకు వకీలు గారి ఇంటిల్లిపాదీ సొంత ఊరికి పోయారు. ఆ సాయంత్రం ఎలీషమ్మ రొట్టెలు చేస్తూ, "రేపు షామీర్‌పేట పోదాం" అంది.

"దేని మీద? కారు ఇటుకల మీదున్నది."

"రైలున్నది గద."

"రైలు షామీర్‌పేట పోదే పిచ్చిదానా."

"మేడ్చల్ పోతది. ఆడికెల్లి జంగమ్మోళ్ల అన్న బండున్నది. అన్నీ అడిగి పెట్టిన."

జంగమ్మ వాళ్ల వీధికి సీతాఫలాలు అమ్మకానికి తెచ్చే మనిషి. ఊరు లాల్‌గడి మలక్‌పేట్. ఆమె అన్న సత్తయ్య ఈ కాలంలో పొద్దునా సాయంత్రమూ పండ్ల గంపలు మేడ్చల్ స్టేషనుకు చేర్చి, ఖాళీ బండితో షామీర్‌పేట మీదుగా ఇంటికి పోతాడు. ఎలీషమ్మ పండ్లు బేరం చేస్తూ చేస్తూనే ఇదంతా రాబట్టింది.

మరునాడు పొద్దున్నే ఇద్దరూ రైలెక్కారు. ప్రభుదాసు రైలెక్కి ఏళ్లయింది. మూడో తరగతి పెట్టెలో చెక్క బల్ల మీద కూర్చున్నాడే గాని అతనికి కుదురు లేదు. రైలు మలుపు తిరిగినప్పుడల్లా చేతులు ఒక పక్కకు తిరిగేవి. మల్కాజిగిరి దగ్గర బండి నెమ్మదించగానే కుడికాలు గట్టిగా నేలను తొక్కింది. ఎలీషమ్మ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నువ్వు తొక్కకున్నా ఆగుతది. బయటికి సూడు."

ఎదుటి బల్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. వీళ్ల చేతుల్లో రొట్టెల మూట తప్ప ఏ సామానూ లేకపోవడం చూసి పలకరించింది.

"యాడికి బిడ్డా? పెండ్లికా?"

"కాదవ్వా. షామీర్‌పేట చెరువు సూడబోతున్నం."

"చెరువు కాడ ఎవలున్నరు?"

"ఎవలు లేరు. చెరువే."

ముసలామె వాళ్లిద్దరినీ పైనుంచి కింది దాకా చూసింది. ఏదో కష్టం వచ్చి ఉంటుంది, చెప్పుకోలేక పోతున్నారు అనుకుందో ఏమో, "అంత మంచిగయితది బిడ్డా" అని ఎలీషమ్మ చెయ్యి నిమిరింది.

బొలారంలో సిపాయిలు చాలామంది దిగిపోయారు. ఆ తరువాత రాళ్లగుట్టలు, వాటి మధ్య పచ్చటి జొన్నచేలు, నీళ్లు నిలిచిన పల్లాలు మొదలయ్యాయి. ప్రభుదాసు మెల్లగా కిటికీకి జరిగాడు. బండి నడిపేటప్పుడు అతని కళ్లు ఎప్పుడూ ముందున్న రోడ్డును వదిలింది లేదు. పక్కన ఇన్ని ఉంటాయని తెలుసు గాని, ఇంతసేపు చూసింది ఇప్పుడే. కొంగల గుంపు లేచినా, గుట్ట మీద రాయి మీద రాయి నిలిచి ఉన్నా భార్యకు చూపించసాగాడు.

మేడ్చల్‌లో సత్తయ్య బండి సిద్ధంగా ఉంది. సత్తయ్య ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉండే మనిషి. బండిలో గడ్డి పరిచి కూర్చోబెట్టాడు.

"మల్ల పొద్దుమూకిన రైలుకు గంపలు తెస్త. అప్పుడు మిమ్ముల ఎక్కించుకొస్త. కట్ట కింద రోడ్డు మీదికొచ్చి ఉండుండ్రి. రైలు నా కోసం ఆగది, నేను మీ కోసం ఆగ. ముందే చెప్తున్న."

"ఎడ్లు అలిసిపోవా?" అని అడిగింది ఎలీషమ్మ.

"ఇంటికాడ ఇంకో జతున్నది. ఎడ్లు మారుతయి. నేనే మార" అన్నాడు సత్తయ్య.

దారి పొడుగునా ఎలీషమ్మ అతన్ని వదల్లేదు. ఆ గుట్ట పేరేమిటి, ఈ వాగు ఎటు పోతుంది, రావల్కోల్ ఎటు దిక్కు, అన్నీ అడిగింది. సత్తయ్య తెలిసినవి చెప్పాడు, తెలియనివి కూడా చెప్పాడు. ఎండ ఎక్కేసరికి షామీర్‌పేట కట్ట కనిపించింది. బండి దిగుతూనే ప్రభుదాసు చెవి రిక్కించాడు.

"ఇనబడ్తాంది" అన్నాడు.

అదే హోరు. ఎలీషమ్మ ఇక ఆగలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి కట్ట ఎక్కేసింది. వెనకనుంచి ప్రభుదాసు ఎక్కాడు. పైకి చేరగానే ఇద్దరూ నిలబడిపోయారు.

నీళ్లు. కంటి ముందు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో తెలియని నీళ్లు. గాలికి చిన్న చిన్న అలలు వచ్చి కట్ట రాళ్లకు తగులుతున్నాయి. దూరంగా గుట్టలు సగం దాకా మునిగినట్టు ఉన్నాయి. ఇన్నేళ్లుగా తాను కారుకు ఆనుకుని నిలబడ్డ చోటికీ ఈ నీళ్లకూ మధ్య ఉన్నది ఈ కట్ట ఒక్కటే. తుమ్మెద ఎగిరినంత దూరం.

"గింతుందా" అన్నాడు చివరికి.

"నన్నడుగుతవేంది, నువ్వే గద ఎన్నోసార్లు వచ్చినోడివి" అంది ఎలీషమ్మ. కానీ ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆమె కూడా కళ్లు తిప్పుకోలేకపోయింది.

హోరు వస్తున్న దిక్కు పట్టుకుని కట్ట మీదుగా నడిచారు. నడిచే కొద్దీ చప్పుడు పెరిగింది. ఒక మలుపు తిరిగేసరికి మిల్లు కనిపించింది. అది మిల్లు కాదు, మత్తడి. చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు రాతిగోడ మీదినుంచి ఒక్క పరుపులా దూకుతున్నాయి. కింద బండల మీద పడి తెల్లగా లేస్తున్నాయి. తుంపర్లు వీళ్ల మొహాలకు తగిలాయి. ఆ నీళ్లలో మోకాళ్ల లోతున ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నీటికి ఎదురుగా ఎగిరే చేపలు బుట్టల్లో పడుతున్నాయి.

"అయ్యో, మీదికి ఎగురుతున్నయెందుకు?" అంది ఎలీషమ్మ గట్టిగా, హోరులో వినబడేటట్టు. "నీళ్లు కిందికి పోతాంటే ఇవి మీదికెందుకు పోతున్నయి?"

బుట్ట పట్టుకున్న శివమ్మ అనే ఊరి మనిషి తల తిప్పింది. "చెరువులకు పోదామని ఎగుర్తయి. నిలవడి సూసుడేంది, దిగరాదు? ఇగో ఇంకో బుట్టున్నది."

ఎలీషమ్మ మొగుడి వైపు కూడా చూడలేదు. కొంగు నడుముకు చుట్టి దిగింది.

ప్రభుదాసు గోడ చివరన వంగి రాతి మీద చెయ్యి పెట్టాడు. రాయి లోపల సన్నగా అదురుతోంది. ఇంజను స్టార్టు చేసి బానెట్ మీద చెయ్యి పెడితే ఎట్లా ఉంటుందో అట్లానే ఉంది. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. ఇటుకల మీద ఉన్న కారు గుర్తొచ్చినా, ఎందుకో ఆ పూట బాధనిపించలేదు.

రొట్టెలు తిన్నాక ఎలీషమ్మ మళ్లీ నీళ్లలోకి పోయింది. ప్రభుదాసు కట్ట మీద తిరుగుతూ కిందికి చూశాడు. తాను కారు ఆపే చెట్ల కిందనే ఒక మోటారు ఆగి ఉంది. దాని వెనక నల్లటి డ్రమ్ము, దానిలోనుంచి పొగ. పెట్రోలు లేక బొగ్గుల గ్యాసుతో నడిచే బండ్లు వచ్చాయని విన్నాడు గాని దగ్గరగా చూడలేదు. కాళ్లు వాటంతట అవే కిందికి దిగాయి.

బండి దగ్గర డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. పేరు భాస్కర్, పాతికేళ్ల వాడు. తుర్కపల్లి ప్రతాపరెడ్డి దొర బండి అది. దొర, ఆయన తల్లి అన్నం తినడానికి పక్కనే ప్రయాణికులు దిగే ముసాఫిర్ బంగళాలోకి పోయారు. తానూ డ్రైవరునేనని ప్రభుదాసు చెప్పగానే భాస్కర్ ఉత్సాహంగా అంతా చూపించాడు. బొగ్గులు ఎక్కడ పోయాలి, గాలి తిప్పే పిడి ఎక్కడ, గ్యాసు ఇంజనులోకి ఎట్లా పోతుంది.

"అగ్గి ఆరిందంటే అయిపాయె అన్నా. మల్ల రగిలేదాక పరేషాన్. చడావు ఎక్కదు, ఉరకదు. పెట్రోలు బండి పెట్రోలు బండే."

"మత్తడి సూసినవా?" అని అడిగాడు ప్రభుదాసు.

"ఏం మత్తడి?"

"గా చప్పుడు ఇనబడ్తలేదా?"

భాస్కర్ చెవి పెట్టాడు. "ఓ, గదా. ఎప్పుడొచ్చినా ఇనబడ్తది. ఎట్ల సూస్త అన్నా, బండి ఇడిచిపెట్టి పోతే దొర ఊకుంటడా?"

ప్రభుదాసు అతని మొహం చూశాడు. ఇక ఆలోచించలేదు.

"నేనుంట ఈడ. పొయ్యి సూసిరా."

"వద్దన్నా."

"అగ్గి నేను సూసుకుంట. పో, జల్దీ రా."

భాస్కర్ రెండడుగులు వేసి ఆగాడు, మళ్లీ రెండడుగులు వేశాడు, ఆ తరువాత కట్ట మీదికి పరుగెత్తాడు. ప్రభుదాసు బొగ్గులు కదిలించి పిడి తిప్పుతూ కూర్చున్నాడు. కొంతసేపటికి ఎలీషమ్మ, శివమ్మ ఇచ్చేసిన బుట్ట నిండా చేపలతో, తల నుంచి కాళ్ల దాకా తడిసి దిగివచ్చింది. మొగుడు మళ్లీ ఒక కారు పక్కన కూర్చుని ఉండటం చూసి నిలబడిపోయింది.

"ఇంతదూరం రైలెక్కి వచ్చి, ఈడ గూడ ఇదేనా?"

"నేను సూసిన. ఆ పిలగాడు సూడలే" అన్నాడు ప్రభుదాసు.

ఆమె అతని మొహంలోని తృప్తి చూసి బుట్ట కింద దించింది. అప్పుడే బంగళా వైపు నుంచి దొర వచ్చాడు. వెనక తెల్లచీర కట్టుకున్న ముసలి తల్లి లక్ష్మమ్మ. తన బండి పిడి ఎవడో తిప్పుతుండటం చూసి దొర గొంతు లేచింది.

"ఎవడ్రా నువ్వు? మా డ్రైవరు ఏడి?"

ప్రభుదాసు లేచి నిలబడ్డాడు. "నేను గూడ డ్రైవర్నే దొరా. మీ డ్రైవరు మత్తడి సూడబోయిండు. నేనే పొమ్మన్న. అగ్గి ఆరనియ్యలే, సూసుకోండ్రి."

"నువ్వెవడివిరా పొమ్మనడానికి? వాని జీతమిచ్చేది నేనా, నువ్వా?"

దొర ఇంకా ఏమేమో అనబోతుండగా లక్ష్మమ్మ ఎలీషమ్మ బుట్టలోకి వంగి చూసింది. చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి.

"మత్తడి దుంకుతాందా?" అని అడిగింది.

"మస్తు దుంకుతాంది దొరసానమ్మా. చేపలు ఎదురు ఎగుర్తున్నయి."

"నేను ఈ తొవ్వల ఎన్నేండ్లసంది పోతున్ననో. ఎప్పుడు పోయినా బండికి పరదాలు. ఒక్కనాడన్న దిగలే." ఆమె కొడుకు వైపు తిరగకుండానే ఎలీషమ్మ చెయ్యి పట్టుకుంది. "పద, సూపియ్యి."

"అమ్మా, బురదుంటది," అన్నాడు దొర.

"ఉండనియ్యి."

ఆడవాళ్లిద్దరూ కట్టెక్కిపోయారు. దొర కారు చుట్టూ తిరిగాడు. చేతి కర్రతో టైరును పొడిచాడు. కట్ట మీదికి చూశాడు.

"నిజంగనే మస్తు దుంకుతాందా?" అన్నాడు ఎటో చూస్తూ.

"నా జన్మల నేను సూడలే దొరా."

దొర ఇంకాసేపు నిలబడి, "అమ్మ ఒక్కతే పోయింది, కాలు జారుతదేమో" అని తనకు తానే చెప్పుకుని కట్టెక్కాడు. ప్రభుదాసు మళ్లీ పిడి తిప్పుకుంటూ ఒక్కడే నవ్వుకున్నాడు.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పొద్దు వాలుతుండగా సీతాఫలాల గంపలతో సత్తయ్య బండి వచ్చింది.

"ఎక్కుండ్రి! ఆమె ఏదీ?"

"మత్తడి కాడున్నది. ఒక్క చణం ఆగు సత్తయ్యా."

"ఆగనని పొద్దుగాలనే చెప్పిన గద! గంపలు రైలుకందకుంటే పండ్లన్ని పగుల్తయి."

ప్రభుదాసు కట్ట వైపు చూశాడు, అగ్గి వైపు చూశాడు. వదిలిపోతే అగ్గి ఆరుతుంది, ఆ పిల్లవాడి కొలువు పోతుంది. సత్తయ్య కాసేపు చూసి, తల ఊపి ఎడ్లను అదిలించాడు. బండి మేడ్చల్ దారి పట్టింది.

అందరూ దిగివచ్చేసరికి బండి కనుమరుగైంది. లక్ష్మమ్మ చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. దొర జోళ్లు చేత పట్టుకుని ఉన్నాడు. భాస్కర్ భయంభయంగా వెనక నడుస్తున్నాడు గాని అతని మొహం వెలిగిపోతోంది. సంగతి విని లక్ష్మమ్మ కొడుకుతో అంది.

"మన కోసం ఆగి బండి పోగొట్టుకున్నరు. స్టేషన్ల దింపి పోదాం."

"అటు మన తొవ్వ కాదమ్మా."

"అయితే ఏంది?"

దొర కారు తలుపు తీశాడు. ప్రభుదాసు ముందు భాస్కర్ పక్కన, ఎలీషమ్మ వెనక లక్ష్మమ్మ పక్కన చేపల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బండి పొగ వదులుతూ బయలుదేరింది. కొంతదూరం పోయాక సత్తయ్యను దాటారు. ఎలీషమ్మ పరదా తీసి చెయ్యి ఊపింది. సత్తయ్య నోరు తెరుచుకుని చూశాడు.

ఆ తరువాత రోడ్డు ఎత్తెక్కే చడావు వచ్చింది. బండి సగం ఎక్కి గురగురమని నిలిచిపోయింది.

"దిగుండ్రి, నూకాలె" అన్నాడు ప్రభుదాసు.

దొర కూడా దిగాడు. ఇద్దరూ డ్రమ్ముకు దూరంగా చెరో పక్కన భుజం ఆనించి తోశారు. బండి జానెడు ముందుకు, బెత్తెడు వెనక్కు. ఎలీషమ్మ రాయి తెచ్చి చక్రం కింద పెట్టింది. లక్ష్మమ్మ లోపల కూర్చుని, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ ఉంది. చెమటలు కారుతుండగా వెనకనుంచి గిత్తల మువ్వల చప్పుడు వచ్చింది. సత్తయ్య మెల్లగా వచ్చి పక్కన ఆపాడు. ఆగనన్న మనిషి ఆగాడు.

"ఎక్కుతరా?" అన్నాడు, మామూలుకంటే ఎక్కువ నవ్వుతూ.

భాస్కర్ స్టీరింగు పట్టుకోగా ప్రభుదాసు, దొర, సత్తయ్య కలిసి ఒక్క పట్టు పట్టి కారును చడావు పైకి చేర్చారు. అక్కడ తిప్పుకోవడానికి చోటుంది, వెనక్కు తిప్పుకుంటే వాళ్ల ఊరి దాకా పల్లమే; ప్రభుదాసు, ఎలీషమ్మ ఇక సత్తయ్య బండిలో పోతామన్నారు. దొర కండువాతో మొహం తుడుచుకుని ప్రభుదాసు దగ్గరికి వచ్చాడు.

"నీ పేరేందిరా?"

"ప్రభుదాసు, దొరా."

దొర తల ఊపాడు. "అగ్గి మంచిగ సూసినవ్," అని కారెక్కాడు.

మేడ్చల్‌లో గంపలన్నీ ఎక్కించి, ఇద్దరినీ పెట్టెలోకి తోసి సత్తయ్య కిందికి దూకేసరికి రైలు కదిలింది. చాలాసేపు ఇద్దరూ ఊపిరి తీసుకుంటూ కూర్చున్నారు. బయట గుట్టలు చీకట్లో కలిసిపోతున్నాయి.

"ఆ దొరసానమ్మ ఏమన్నది, మత్తడి కాడ?" అని అడిగాడు ప్రభుదాసు.

"ఏం అనలే. నీళ్లల్ల కాళ్లు పెట్టుకొని కూసున్నది. గీ నీళ్లన్ని యాడికెల్లి వస్తయని అడిగింది. నాకు తెల్వదన్న."

"యాడికెల్లి వస్తయి?"

"ఎవలికి తెల్సు. సూడాలె" అంది ఎలీషమ్మ.

బొలారంలో సిపాయిలు ఎక్కారు. పెట్టె కిక్కిరిసిపోయింది. ఎలీషమ్మ ఒళ్లో బుట్ట టపటపమని కదిలింది. పక్కనున్న సిపాయి ఉలిక్కిపడి, అందులో ఏముందని ఉర్దూలో అడిగాడు. ఆమె పైన కప్పిన తడి గడ్డి తొలగించింది. దీపం కింద చేపలు మెరిశాయి. ఆ బల్ల మీదివాళ్లు, ఎదుటి బల్ల మీదివాళ్లు, నిలబడ్డవాళ్లు అందరూ ఒకరి భుజం మీదినుంచి ఒకరు వంగి చూడసాగారు. ఒక చేప ఎగిరి సిపాయి బూట్ల దగ్గర పడింది. పట్టుకోవడానికి ప్రభుదాసు బల్ల కిందికి దూరాడు.